చిన్న కార్యాలయానికి సొంత ఫైల్ సర్వర్‌ను ఏర్పాటు చేసుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో ఐదారుగురు పనిచేసే ఒక ఆడిటర్ కార్యాలయాన్ని, దానికి పలాసలో ఉన్న చిన్న శాఖను ఉదాహరణగా తీసుకుందాం. జీడిపప్పు వ్యాపారుల జీఎస్టీ లెక్కలు, పాన్ కార్డుల నకళ్లు వాట్సాప్‌లోనూ పెన్‌డ్రైవుల్లోనూ తిరుగుతున్నంతకాలం ఏ ప్రతి తాజాదో తేల్చుకోవడం కష్టం. అందరికీ ఒకే చోట, ఎవరి హద్దుల్లో వారికి ఫైళ్లు అందేలా సొంత సర్వర్‌ను పెట్టుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

పక్కన పడేసిన డెస్క్‌టాప్ పనిచేస్తూ ఉంటే, 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి, 2 టీబీ హార్డ్‌డిస్క్ మూడు కొనండి. వాటిలో ఒకటి సర్వర్ లోపల ఉంటుంది. మిగిలిన రెండూ యూఎస్‌బీతో తగిలించేవై ఉండాలి. రెండు డిస్కులలో ఒకే సమాచారాన్ని రాసే రెయిడ్ పద్ధతిని చాలామంది సిఫారసు చేస్తారు గానీ, పొరపాటున తుడిచేసిన ఫైలు అందులో రెండు డిస్కుల నుంచీ ఒకేసారి పోతుంది కనుక, ఆ డబ్బును బ్యాకప్ డిస్కులకు పెట్టడమే మేలని నా అభిప్రాయం.

తరువాత డెబియన్ అనే లైనక్స్ రకం ఆధారంగా తయారైన ఉచిత వ్యవస్థ ఓపెన్‌మీడియావాల్ట్‌ను పెన్‌డ్రైవ్ ద్వారా ఎస్‌ఎస్‌డీలో ఇన్‌స్టాల్ చేయండి. అది తన డిస్కును పూర్తిగా తుడిచి వాడుకుంటుంది కాబట్టి ఆ సమయంలో ఫైళ్ల డిస్కు తీగను తీసి ఉంచడం క్షేమం. సర్వర్‌ను రూటర్‌కు కేబుల్‌తోనే కలిపి, దాని ఐపీ చిరునామా మారకుండా రూటర్‌లో రిజర్వ్ చేసి, బ్రౌజర్‌లో ఆ చిరునామాను తెరిచిన వెంటనే మొదటి పనిగా అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మార్చండి.

స్టోరేజ్ విభాగంలో డిస్కును ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైళ్లను అమర్చుకునే తీరు) పద్ధతిలో సిద్ధం చేసి, షేర్డ్ ఫోల్డర్లను సృష్టించండి. ఒక్కో ఉద్యోగికి విడి యూజర్ పేరు ఇచ్చి, ఏ ఫోల్డర్‌లో రాయవచ్చు, ఏది చదవడం వరకే, ఏది అసలు కనిపించకూడదు అన్నది ముందే కాగితం మీద పట్టికగా రాసుకుంటే పని తేలికవుతుంది. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే, ఒకరు ఉద్యోగం మానిన రోజున అందరి కంప్యూటర్లలోనూ దాన్ని మార్చవలసి వస్తుంది. ఆపై విండోస్ కంప్యూటర్లకు నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లను అందించే ఎస్‌ఎంబీ సేవను ప్రారంభించి, ప్రతి షేర్‌కూ రీసైకిల్ బిన్‌ను ఆన్ చేయండి. లోపలి ఫోల్డర్లకు తెలుగు పేర్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

విండోస్‌లో మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ ద్వారా ఈ షేర్‌ను తగిలిస్తే అది మామూలు డ్రైవ్‌లాగే కనిపిస్తుంది. ఒకరు తెరిచి ఉంచిన ఎక్సెల్ ఫైలు రెండో వారికి చదవడానికి మాత్రమే తెరుచుకుంటుందని సిబ్బందికి ముందే చెప్పండి. ఇద్దరూ ఒకేసారి దిద్దడం తప్పనిసరి అయితే, బ్రౌజర్‌లోనే ఫైళ్లను కలిసి దిద్దనిచ్చే నెక్స్ట్‌క్లౌడ్ వంటి సాఫ్ట్‌వేర్ కావాలి. దాని నిర్వహణ భారం కాస్త ఎక్కువ.

పలాస శాఖ కోసం రూటర్‌లో 445 పోర్టును, అంటే ఎస్‌ఎంబీ రాకపోకలు సాగించే ద్వారాన్ని, ఇంటర్నెట్‌కు తెరవడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) దేశదేశాలకు పాకింది పాత ఎస్‌ఎంబీలోని లోపాన్ని ఆధారం చేసుకునే. రూటర్ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, మీ కనెక్షన్‌ను కంపెనీ అనేకమందితో పంచిందని అర్థం, అప్పుడు పోర్టు తెరిచినా పనిచేయదు. రెండు చిక్కులకూ విరుగుడు వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసుకునే రహస్య దారి: వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడిచే టెయిల్‌స్కేల్‌ను సర్వర్‌లోనూ శాఖ కంప్యూటర్లలోనూ పెడితే, అనుమతి ఉన్న యంత్రాలకే దారి దొరుకుతుంది.

మన జిల్లాల్లో అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది కరెంటు మీదా, తుపాను మీదా. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటిన తరువాత ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోతున్న సంగతిని సర్వర్‌కు చెప్పజాలదు. యూఎస్‌బీ తీగతో కలిసే యూపీఎస్‌ను, దానికి తోడు యూపీఎస్ స్థితిని గమనించే ఎన్‌యూటీ ప్లగిన్‌ను (ఓపెన్‌మీడియావాల్ట్‌కు చేర్చుకునే అదనపు భాగం) పెట్టుకుంటే, ఛార్జి అడుగంటకముందే సర్వర్ సక్రమంగా షట్‌డౌన్ అవుతుంది.

బ్యాకప్ డిస్కులను వంతులవారీగా వాడండి. యూఎస్‌బీ బ్యాకప్ ప్లగిన్‌ను ఒకసారి అమర్చితే, డిస్కు తగిలించగానే నకలు మొదలవుతుంది. అది ముగిశాక డిస్కును విప్పి, తాళం ఉన్న బీరువాలో ఉంచాలి, ఎందుకంటే ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కును రాన్సమ్‌వేర్ గానీ, పిడుగుపాటు గానీ సర్వర్‌తోపాటే దెబ్బతీయగలదు. రెండో డిస్కు పలాసలో కాక విజయనగరంలో నమ్మకస్తుల ఇంట ఉండటం ఉత్తమం. కార్యాలయాన్నీ శాఖనూ ఒకే తుపాను ముంచెత్తవచ్చు. వారానికొకసారి డిస్కులు మార్చే బాధ్యతను పేరు పెట్టి ఒకరికి అప్పగించి, మూడు నెలలకోసారి బ్యాకప్ డిస్కులోని ఏదో ఒక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి తీసి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.