పేపర్ ఫ్యాన్లు విచ్చుకుంటున్నాయా? జిగురు మార్చే ముందు షీటును వంచి చూడండి

వినాయక చవితి వారం రోజుల్లో ఉందనగా మా అపార్ట్‌మెంట్‌లోనూ చుట్టాల ఇళ్లలోనూ ఒకటే మాట: "రాత్రి అంటించాం, తెల్లారేసరికి కింద పడున్నాయి." వెంటనే రెండో మాట: "ఇంకాస్త గట్టి జిగురేదైనా ఉంటే చెప్పు." పదిహేనేళ్లుగా చవితి మండపానికీ, దసరా బొమ్మల కొలువుకీ, క్రిస్మస్ నక్షత్రాలకీ కాగితం కోస్తూనే ఉన్నాను. తప్పు జిగురుదని తేలిన సందర్భాలు బహు తక్కువ. కోయడం, మడవడం, అంటించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

మొత్తం అలంకరణ గోడ నుంచి ఊడి పడితే

పడినదాన్ని తిప్పి వెనకున్న టేపు చూడండి. టేపు కాగితానికే ఉండి, దాని మీద తెల్లటి పొడి కనిపిస్తే దాని పని అది చేసినట్టే. గోడను పట్టుకునే అవకాశం దానికి దొరకలేదు, గోడ మీది పొడిని పట్టుకుంది. డిస్టెంపరు వేసి ఏళ్లయిన గోడలన్నీ ఇంతే. అరచేత్తో గోడను ఒకసారి గట్టిగా రుద్దండి. చెయ్యి తెల్లబడిందా, ఏ టేపూ నిలవదు. రెండు సెకన్ల పని ఇది. ఇది చేయకుండా మూడు రకాల టేపులు కొనుక్కొచ్చిన వాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. దయచేసి ముందు చెయ్యి రుద్దండి.

గుడ్డ తడిపి గట్టిగా పిండి తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి, మళ్లీ రుద్ది చూడండి. పొడి రాకపోతే ముందు మాస్కింగ్ టేపు ముక్క వేసి, దాని మీద డబుల్ సైడ్ టేపు వేయండి. తీసేటప్పుడు రంగు ఊడిరాదు, అద్దె ఇళ్లవాళ్లకు ఓనరుతో మాట పడే పని ఉండదు. తుడిచినా పొడి రాలుతుంటే ఆ గోడను వదిలేసి, కర్టెన్ రాడ్ నుంచి తలుపు పైనున్న మేకుకు నైలాన్ దారం లాగి అన్నీ దానికే వేలాడదీయండి. వానకు తడిసే బయటి గోడకు లోపలివైపు కూడా అంతే, టేపు జోలికి పోవద్దు.

ఫ్యాన్లు కొన్ని బాగున్నాయి, కొన్ని విచ్చుకుని వాలిపోయాయి

అసలు చెప్పాలనుకున్నది దీని గురించే. ఎందుకంటే ఇది ఎవరికీ అనుమానం రాని చోట ఉంటుంది.

ఒక చవితికి స్వామి వెనక బ్యాక్‌డ్రాప్ కోసం నేనూ మా వదినా ఇరవై నాలుగు పేపర్ ఫ్యాన్లు చేశాం. ఒకే కట్టలోని చార్టులు, 22 అంగుళాలు అడ్డం, 28 అంగుళాలు నిలువు. ఒకటే జిగురు డబ్బా. ఐదంగుళాల పట్టీలు కోసి, కొసలు కలిపి అంటించి, విసనకర్రలా మడిచి గుండ్రంగా తిప్పాం. రాత్రి పదకొండింటికి చూస్తే గోడంతా కళకళలాడింది. తెల్లారేసరికి సగం ఫ్యాన్ల అంచులు వాలి ఉన్నాయి, నడుమ అంటించిన చోటు నోరు తెరుచుకుంది. రాత్రంతా ముసురు. "ఫెవికాల్ తక్కువైందేమో" అంది వదిన. ఇంకా పూశాం. మధ్యాహ్నానికి మళ్లీ అదే కథ.

ఊడిన ఫ్యాన్‌ని విప్పి చూస్తే ఆశ్చర్యం వేసింది. ఒకే ఫ్యాన్‌లో కొంత భాగం మడతలు కత్తి అంచులా ఉన్నాయి. అతుకు దాటగానే మడతలు మొద్దుబారి, వాటి మీద రంగు పగిలి సన్నటి తెల్లని నూలు పైకి లేచింది. గ్లూ గన్ పెట్టినా, స్టేప్లర్ కొట్టినా మొద్దుబారిన మడతలు తెరుచుకుంటూనే వచ్చాయి.

చిక్కడపల్లిలో పుస్తకాలు బైండింగ్ చేసే ఒక పెద్దాయనకు పట్టుకెళ్లి చూపించాను. జిగురు సంగతి ఆయన అడగనే లేదు. పట్టీని రెండు వేళ్ల మధ్య వంచి చూసి, "గీ ముక్క షీటు నిలువునా కోసిన్రు మేడం. గ్రెయిన్‌కు అడ్డం మడిస్తే మడత ఆగదు" అన్నారు. గుర్తు చేసుకుంటే అంతే మరి. బల్లకు ఒక పక్క కూర్చుని నేను 28 అంగుళాల వైపు పొడుగ్గా కోశాను, అటుపక్క వదిన 22 అంగుళాల వైపు కోసింది. రెండు రకాల పట్టీలూ ఒకే కుప్పలో పడ్డాయి. వదిన కోసినవన్నీ నిలిచాయి, నావి విచ్చుకున్నాయి.

సంగతేమిటంటే, మిషన్ మీద కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జు కదిలే జాలీ మీద పారుతుంది. గుజ్జులోని నారలో ఎక్కువ భాగం జాలీ నడిచే దిక్కుకే సర్దుకుంటుంది. బైండింగ్ వాళ్లు గ్రెయిన్ అనేది దీన్నే. వెదురు నిలువునా ఎంత సులువుగా చీలుతుందో, కాగితం నార వెంబడి అంత సులువుగా మడత పడుతుంది. నారకు అడ్డంగా మడిస్తే ప్రతి పోగునూ విరవాలి. విరగని పోగులు వెనక్కి తన్నుతాయి. మీ జిగురు రాత్రంతా పోరాడేది వాటితోనే.

దీనికి చెమ్మ తోడవుతుంది. నార తేమ పీల్చితే పొడవు పెద్దగా పెరగదు, లావెక్కుతుంది. అంటే కాగితం నారకు అడ్డంగా సాగుతుంది. వానాకాలంలో చెక్క తలుపు బిగుసుకోవడానికీ ఇదే కారణం. డిసెంబరులో చేసిన నక్షత్రం నెలంతా నిలిచి, భాద్రపదంలో అదే చేత్తో చేసిన ఫ్యాన్ ఒక్క రాత్రిలో వాలిపోతుంటే మనం జిగురును అనుమానిస్తాం. తప్పుగా కోసిన పట్టీ పొడి గాలిలో ఎలాగో నెట్టుకొస్తుంది. ముసురు పట్టాక దాని వల్ల కాదు.

కోయకముందే చూడండి. షీటును బల్ల మీద పరిచి, ఎదురెదురు అంచులు రెండూ కలిసేలా వంచండి. మడత పెట్టొద్దు. ఆ వంపు మీద అరచెయ్యి మెల్లగా ఆనించి ఎంత ఎదురొత్తుతోందో చూడండి. తర్వాత రెండో వైపు వంచి చూడండి. ఏ వంపు మెత్తగా లొంగిందో ఆ వంపు గీత వెంబడే నార ఉన్నట్టు. చేతికి తేడా అందకపోతే షీటు మూల నుంచి చిన్న చదరపు ముక్క కోసి, ఒక వైపు మాత్రం తడి వేలితో రాయండి. ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటుందో నార అటే. అయితే ముక్క షీటులో ఏ వైపుగా ఉందో కోసే ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, లేకపోతే పరీక్ష చేసీ లాభం లేదు.

ఫ్యాన్లకు నార పట్టీ వెడల్పు వైపు ఉండాలి, మడత గీతలన్నీ దాని వెంబడే పడాలి. అప్పుడే మడత పదునుగా వస్తుంది, నడుమ నుంచి అంచుదాకా బిగువు ఉంటుంది. వేలాడే నక్షత్రాల కొమ్ములకు నార కొమ్ము పొడవునా ఉండాలి, లేకపోతే కొసలు వంగుతాయి. ఏ4 కాగితాల్లో చాలావరకు నార నిలువుగానే ఉంటుంది. చార్టుల్లో అలా అనుకోవడానికి లేదు, కట్ట మారినప్పుడల్లా చూసుకోవాల్సిందే.

తప్పుగా కోసినవి ఇప్పటికే చేసేశారా? పారేయకండి. మడతలు విప్పి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో, స్కేలు ఆనించి ప్రతి మడత మీదా గట్టిగా గీత గీసి మళ్లీ మడవండి. ఫ్యాన్ వెడల్పులో మూడో వంతు ఉండే గుండ్రటి అట్టముక్కను వెనక అంటించి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. కొత్తవాటి అంత అందం రాదు కానీ నిమజ్జనం దాకా నిలుస్తాయి. వాటిని వెనక వరుసలో పెట్టండి.

అట్ట ఒక వైపుకు విల్లులా వంగితే

కొలువు మెట్లకూ, గోపురం ఆకారాలకూ వచ్చే ఇబ్బంది ఇది. తడి జిగురుతో ఉబ్బిన కాగితం ఆరుతూ ముడుచుకుని అట్టను తన వైపు లాక్కుంటుంది. అట్ట వెనక కూడా అలాంటి కాగితమే, నార అదే దిక్కుకు ఉండేలా అంటించండి. రెండు లాగుళ్లూ సరిపోతాయి. నారలు ఒకదానికొకటి అడ్డం పడితే అట్ట మెలి తిరుగుతుంది, అది ఇక సరికాదు.

క్రేప్ పువ్వుల రేకులు దొప్పలా రాకపోతే

ముడత గీతలు రేకుకు అడ్డంగా పడి ఉంటాయి. గీతలు రేకు పొడవునా ఉండేలా కోసి, నడుమ రెండు బొటనవేళ్లతో పక్కలకు సాగదీయండి. అంతే.

ఎండ తగిలే కిటికీ పక్కన రంగు వెలిసిందంటే చోటు మార్చండి. దాచిన తోరణాలను పురుగు కొట్టిందంటే మైదా జిగురు వాడి ఉంటారు, మరుసటి ఏడాదికి దాచేవాటికి అది వద్దు. తడి తగిలితే రంగు దిగే కాగితాలు ఎప్పుడో ఒకటి వస్తాయి, వాటి గురించి బుర్ర పాడు చేసుకోకండి. దీపం కుందికి మాత్రం ఏ కాగితమూ దగ్గర్లో ఉండకూడదు, సీలింగ్ ఫ్యాన్ గాలికి ఊగినా అందనంత దూరం ఉండాలి.

బేగంబజార్ నుంచి చార్టులు తెచ్చిన రోజే కోయడం మొదలుపెట్టకండి. ప్లాస్టిక్ కవరు తీసేసి, అలంకరణ ఎక్కడ కట్టబోతున్నారో ఆ గదిలోనే ఒక రాత్రి పరిచి ఉంచండి. ఏసీ గదిలో చేసి వరండాలో కడితే ఆ చెమ్మంతా కట్టాకే పీలుస్తాయి. పొద్దున్నే షీటు షీటునూ వంచి చూసి, వెనక వైపు నార ఎటుందో పెన్సిల్‌తో బాణం గీయండి. కోశాక మిగిలే ప్రతి ముక్క మీదా ఒక బాణం ఉండేలా, షీటు పొడవునా ఐదారు చోట్ల గీయండి.