మూడు నెలల ఫీజు కట్టే ముందు పది నిమిషాలు లెక్కపెట్టండి

ఎనిమిదో తరగతి దాకా సాయంత్రమైతే ఇంట్లో కాలు నిలవని పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి సోఫాకి అతుక్కుపోతారు. బద్ధకం అనేస్తాం. అసలు కారణం చాలాసార్లు ఆటల అకాడమీలో, షటిల్ కోర్టు పక్క బెంచీ దగ్గర దొరుకుతుంది: గంట క్లాసులో ముప్పావుగంట తన వంతు కోసం కూర్చోవడం.

అందుకే బెంగళూరులో ఏ అకాడమీలో చేర్చాలన్నా ముందు ఒక ట్రయల్ క్లాసు అడగండి. షటిల్ అయితే ఫోన్లో 10 నిమిషాలు టైమర్ పెట్టుకుని, మీ పిల్ల రాకెట్ కాక్‌కి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. కోర్టుకి 8 మంది ఉంటే డబుల్స్‌లో నలుగురు, సింగిల్స్‌లో ఆరుగురు చూస్తూ ఉండాల్సిందే. ఆ చూసేవాళ్లకి కోచ్ స్కిప్పింగో, ఫుట్‌వర్కో, గోడకి కొట్టడమో ఏదైనా పని పెడుతున్నాడా? పెట్టకపోతే ఎంత పేరున్న చోటైనా వద్దనే మా మాట.

తర్వాత దూరం. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు సాయంత్రం ఆరింటికి కారు తీస్తే ఆడే సేపు కన్నా సిగ్నళ్ల దగ్గర సేపే ఎక్కువ. నడిచో, సైకిల్ మీదో తనంతట తాను వెళ్లగలిగేంత దూరమే చూడండి. ఫుట్‌బాల్, క్రికెట్ లాంటివైతే సెప్టెంబర్, అక్టోబర్ సాయంత్రాల వానకి ఏం చేస్తారో, డిసెంబర్లో ఆరింటికే చీకటి పడితే లైట్లున్నాయో లేదో ముందే అడగాలి. రెండు వారాలు ఆగితే మళ్లీ కదిలించడం మన వల్ల కాదు. వాన రోజు అపార్ట్‌మెంట్‌లో బళ్లు తిరగని వరండా ఉంటే చాలు: 30 సెకన్లు తాడాట, 30 సెకన్లు విరామం, అలా పదిసార్లు.

ఏ ఆట ఆడాలో పిల్లలే తేల్చుకోవాలి. అదే బ్యాచ్‌లో ఒక్క స్నేహితుడున్నా సగం పని అయినట్టే.

రన్నింగ్ షూస్‌తో షటిల్ కోర్టులోకి పంపకండి. వాటి మడమ ఎత్తు. పక్కకి దూకినప్పుడు చీలమండ మడతపడొచ్చు. గమ్ సోల్ (జారని రబ్బరు అడుగు) ఉన్న, కోర్టు మీద మరకలు పడనివ్వని నాన్ మార్కింగ్ బూట్లు కొనండి. రాకెట్‌కి స్ట్రింగ్ 20–22 పౌండ్ల బిగువు చాలు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి డబ్బా తిన్నవాళ్లు అయిదున్నరకి "ఓపిక లేదమ్మా" అంటే అది ఆకలి కావచ్చు. నాలుగున్నరకి ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన పల్లీలు, లేదా రెండు ఇడ్లీలు పెట్టండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5–17 ఏళ్లవాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాల శ్రమ కావాలంటుంది. 2016 నాటి ప్రపంచ లెక్కల్లో 11–17 ఏళ్ల అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం అంత చెయ్యడం లేదు. అమ్మాయిని చేర్చేటప్పుడు టాయిలెట్ తలుపు గడియ మీరే వేసి చూడండి. కొన్నిచోట్ల గడియ పడదు, లోపల బకెట్ ఉండదు, చెత్తబుట్ట ఉండదు. నెలలో ఆ నాలుగు రోజులు మానేసిన పిల్ల అయిదో రోజూ వెళ్లదు. నల్ల ట్రాక్ ప్యాంటు వేసుకోనిస్తారా అన్నదీ అడగండి.

ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె దగ్గర నొప్పంటే సాకు అనుకోకండి. గెంతడం, పరుగు తగ్గించండి. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

ఇంటికొచ్చాక "గెలిచావా?" అని కాదు, "రేపు ఎవరితో ఆడతావు?" అని అడగండి. పదో తరగతి ట్యూషన్లు మొదలయ్యాక కూడా పూర్తిగా మానిపించొద్దు. వారానికి అయిదు రోజుల్ని రెండు చెయ్యండి. పరీక్షలయ్యాక తిరిగి వెళ్తే డబుల్స్‌కి జోడీ ఉండాలి కదా.