గోంగూర పక్కన గంజాయి మొక్క: కెనడాలో ఈ సమ్మర్ కి పెంచుదామనుకునేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

పోయినేడాది ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే కిందికొచ్చేసరికి అమ్మ సింక్ దగ్గర నిలబడి బుట్టలో ఆకులు కడుగుతోంది, స్టవ్ మీద మూకుడు పెట్టి నూనె పోసేసింది, ఎండుమిర్చి మెంతులు పక్కన రెడీ. "ఏంట్రా ఈ గోంగూర, నోట్లో వేసుకుంటే పులుపే లేదు, పైగా చేతులకి బంకగా అంటుకుంటోంది, మీ దేశంలో గోంగూర కూడా చప్పిడేనా" అంది. బుట్టలోకి చూశాను. సగం గోంగూర, సగం నా గంజాయి మొక్క ఆకులు. స్టవ్ ఎలా ఆపానో నాకే తెలీదు.

తప్పు అమ్మది కాదు, నాదే. రెండూ ఒకే లైన్లో ఫెన్స్ పక్కన పెట్టాను, ఎండ బాగా తగిలేది అక్కడే కదా అని. అసలు గోంగూరలో ఒక రకం శాస్త్రీయ నామమే హిబిస్కస్ కన్నాబినస్, ఆకు గంజాయి ఆకులా ఉంటుందనే ఆ పేరు. దగ్గర్నుంచి చూస్తే తేడా తెలుస్తుంది, గోంగూర ఆకు ఎన్ని చీలికలుగా ఉన్నా కింద ఒకటే ఆకుగా కలిసి ఉంటుంది, గంజాయిది అలా కాదు, 5, 7 ఆకులు విడివిడిగా ఒకే చోట గుచ్చినట్టు ఉంటాయి. కానీ పొద్దున్నే కళ్లజోడు లేకుండా పెరట్లోకెళ్లిన 68 ఏళ్ల మనిషి ఇదంతా చూస్తుందా చెప్పండి.

పచ్చి ఆకు నోట్లో వేసుకుంటే పెద్దగా ఏం కాదు, పచ్చి మొక్కలో ఎక్కువగా ఉండేది టీహెచ్‌సీఏ, అది మత్తెక్కించదు. వేడి తగిలితేనే అది మత్తెక్కించే టీహెచ్‌సీగా మారుతుంది, నూనెలో వేయించడం అంటే సరిగ్గా ఆ పని చేసినట్టే. బీపీ మాత్రలు వేసుకునే మనిషికి ఆ పచ్చడి అన్నంలో కలిపి పెట్టి ఉంటే నేనేం చేసేవాడినో. అందుకే ఈసారి మే నెలలో వచ్చే విక్టోరియా డే లాంగ్ వీకెండ్ రాకముందే రాస్తున్నా, ఎందుకంటే మన ఒంటారియోలో ఎక్కువమంది మంచు భయం పోయిందని నారు బయట పెట్టేది అప్పుడే.

ముందు ఒక మాట, ఇది కెనడాలో ఉన్నవాళ్ల కోసం. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లు దయచేసి ట్రై చేయకండి, అక్కడ మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 1985 ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మిద్దె మీద కుండీలో ఒక్క మొక్క పెట్టినా సాగు అని కేసు పెట్టొచ్చు. హాబీ సార్ అంటే ఎవడూ వినడు, ఇప్పుడు అటు ఆంధ్రాలో ఇటు తెలంగాణలో ఈగల్ అని స్పెషల్ టీమ్‌లే ఉన్నాయి దీనికి.

ఇక్కడ కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి లీగల్. అయితే మనవాళ్లు చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఏంటంటే మనిషికి 4 మొక్కలు అనుకుంటారు. కాదండీ, ఇంటికి 4. బ్రాంప్టన్ లో ఆరుగురు కుర్రాళ్లు ఒక ఇల్లు తీసుకుని ఉంటే ఆరుగురికీ కలిపి నాలుగే, 24 కాదు. ఇంకోటి, మనకి తోటపనిలో అలవాటు ఏంటి, నాలుగు మొక్కలు కావాలంటే ఏడెనిమిది గింజలు వేస్తాం, ఎన్ని మొలుస్తాయో ఎన్ని చస్తాయో అని. టమాటాకి అది తెలివి, దీనికి మాత్రం కేసు, ఎందుకంటే మొలక కూడా మొక్కే, పూత రాకపోయినా లెక్కలోకే వస్తుంది. అందుకని నాలుగు గింజలే వేయండి, ఒకటి పోతే అప్పుడు ఇంకోటి. గింజలు కూడా ఓసీఎస్ (ఒంటారియో ప్రభుత్వ గంజాయి స్టోర్) లోనో లైసెన్స్ ఉన్న షాపులోనో కొనండి, ఫ్రెండ్ వాళ్ల ఫ్రెండ్ ఇచ్చాడు, ఆన్‌లైన్ లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తెప్పించా, ఇవేవీ వద్దు. ఒంటారియోలో 19 నిండాలి. క్యూబెక్ లో అయితే ఇంట్లో పెంచడమే నిషేధం, సుప్రీంకోర్టు కూడా 2023 లో ఆ నిషేధం చెల్లుతుందని చెప్పేసింది, కాబట్టి మాంట్రియాల్ వాళ్లు షాపులో కొనుక్కోవడమే. బీసీలో (బ్రిటిష్ కొలంబియా) రోడ్డు మీదికి కనపడకూడదని రూల్ ఉంది. రూల్ ఉన్నా లేకపోయినా కనపడకుండా పెట్టుకోవడమే మంచిది, ఎందుకో కింద చెప్తా.

నాలుగు దాటితే ఏమవుతుంది అని అడుగుతారు కదా. ఐదో ఆరో ఉంటే టికెట్ రాసి వదిలేసే అవకాశం ఉంది, కానీ టికెటా ఛార్జా అనేది వచ్చిన ఆఫీసర్ చేతిలో ఉంటుంది, మన చేతిలో కాదు. అంతకంటే ఎక్కువైతే క్రిమినల్ వ్యవహారమే, ఆ నేరానికి గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. సిటిజన్ అయితే అదొక రకం గొడవ. పీఆర్ (పర్మనెంట్ రెసిడెంట్) మీద ఉన్నవాళ్లకి ఇంకో రకం, ఇమిగ్రేషన్ చట్టంలో 10 ఏళ్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ శిక్ష పడే అవకాశం ఉన్న నేరంలో దోషి అని తేలితే అది సీరియస్ క్రిమినాలిటీ కిందకి వస్తుంది, జడ్జి నిజంగా వేసిన శిక్ష చిన్నదే అయినా సరే. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా సున్నితం. నా అభిప్రాయం అడిగితే సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఈ సరదా పక్కన పెట్టండి, బీర పాదు పెట్టుకోండి, అది కూడా బాగానే టైమ్ పాస్ అవుతుంది. అమ్మడం అయితే ఎవరికైనా సరే అస్సలు వద్దు, ఒక్క డాలర్ తీసుకున్నా అది వేరే నేరం.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు లీజ్ తీసి మళ్లీ చదవండి, చాలావాటిలో పెంచకూడదని ఒక లైన్ ఉంటుంది, కాండోల్లో రూల్స్ బుక్ లో ఉంటుంది. సొంత ఇల్లు అయితే హోమ్ ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి అడగండి, అడిగితే ప్రీమియం పెరుగుతుందేమో అని మనవాళ్లు అడగరు, రేపు బేస్‌మెంట్ లో నీళ్లొచ్చో నిప్పొచ్చో క్లెయిమ్ పెడితే అప్పుడు వాళ్లే అడుగుతారు.

నిప్పు అన్నాను కదా, ఇండోర్ లో పెంచేవాళ్ల సంగతి. ఇక్కడ మామూలు ప్లగ్ సర్క్యూట్ 15 ఆంప్స్, 120 వోల్ట్స్, అంటే 1800 వాట్స్, గంటల తరబడి వాడేదానికి అందులో 80 శాతమే, 1440 వాట్స్ దాటకూడదు. ఇప్పుడు లెక్కేయండి, ఒక 600 వాట్ల లైటు, ఒక ఫ్యాను, ఒక డీహ్యూమిడిఫయర్, చలికి ఒక స్పేస్ హీటర్, హీటర్ ఒక్కటే 1500. ఇవన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ కి తగిలించి, అది నేల మీద పెట్టి, పైన కుండీలకి నీళ్లు పోస్తుంటారు. నేను ఒకరింట్లో కళ్లారా చూశాను, ప్లగ్ పట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగింది, ఆయనేమో మొక్కలు ఎంత బాగున్నాయో చూడండి అంటున్నాడు. ఎక్స్‌టెన్షన్ ని గోడకి ఎత్తులో బిగించండి, ఎల్ఈడీ లైట్ తీసుకోండి, నీళ్లు తగిలే చోట కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ ప్లగ్ ఉండాలి, హీటర్ ని వేరే సర్క్యూట్ మీద పెట్టండి. తేమ కూడా చిన్న విషయం కాదు, నాలుగు పెద్ద మొక్కలు వదిలే తేమకి డ్రైవాల్ వెనక నల్లగా బూజు పడుతుంది, ఇల్లు అమ్మేటప్పుడు బయటపడుతుంది. గ్యాస్ కాల్చి కార్బన్ డయాక్సైడ్ పెంచే మిషన్లు మాత్రం ఇంట్లోకి తేవద్దు, వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తే పైన పడుకున్న పిల్లలకి తెలిసేలోపే అయిపోతుంది. నన్నడిగితే బయట పెరట్లోనే పెట్టుకోండి, సూర్యుడికి బ్రేకర్ ట్రిప్ అవ్వదు.

బయట పెడితే ఇంకో తలనొప్పి, వాసన. ఆగస్టులో రాత్రులు పొడుగవడం మొదలయ్యాక ఇది పూతకొస్తుంది, అప్పట్నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఉడుత చచ్చిందా అన్నట్టు కంపు. పక్కింటివాళ్లకి ముందే ఒక మాట చెప్పండి, కాస్త మామిడికాయ పప్పో పులిహోరో పట్టుకెళ్లి చెప్తే ఇంకా మంచిది. ఆ వాసనకే దొంగలు కూడా వస్తారు, నవ్వకండి, సరిగ్గా కోతకి వారం ముందు ఫెన్స్ దూకి మొక్క మొదలంటా నరికేసుకుని పోయినవాళ్లున్నారు. రోడ్డు మీదికి కనపడకూడదన్నది అందుకే. గేటుకి తాళం, మోషన్ లైట్, మొక్కని మరీ ఎత్తు పెరగనీయకుండా జూలైలోనే తల తుంచేయడం, ఇవి చాలు. మొక్క పక్కన నిలబడి సెల్ఫీ తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దు.

మందులు కొట్టే విషయంలో మన రైతు బుద్ధి కాస్త అదుపులో పెట్టుకోవాలి. బెండకాయ అయితే కడుక్కుని తింటాం, దీన్ని కడగం, కాల్చి పొగ పీలుస్తారు. మైక్లోబ్యూటనిల్ అని బూడిద తెగులుకి వాడే మందు ఒకటుంది, ద్రాక్ష తోటల్లో వాడతారు, అది కాలితే హైడ్రోజన్ సయనైడ్ అనే విష వాయువు వస్తుంది, ఇక్కడే కెనడాలో ఆ మందు అవశేషాలు దొరికి లైసెన్స్ ఉన్న కంపెనీల సరుకే వెనక్కి తెప్పించిన సందర్భాలున్నాయి. వేప నూనె కూడా పూత రాకముందే, పూత వచ్చాక ఏమీ కొట్టొద్దు. సెప్టెంబర్ లో పొద్దున్నే మంచు పడి బడ్స్ (పూత గుత్తులు) లోపల తడి నిలిచిపోతే బూడిద రంగు బూజు వస్తుంది, పైకి బాగానే ఉంటుంది, విప్పి చూస్తే లోపల దూది పింజలా ఉంటుంది. అలాంటిది కనపడితే చుట్టూ నాలుగు అంగుళాలు కలిపి కోసి పారేయండి, పాడవని భాగం ఉంచుకుందాం అని కక్కుర్తి పడకండి, బూజు పీలిస్తే ఊపిరితిత్తులకి, ముఖ్యంగా ఒంట్లో శక్తి తక్కువున్నవాళ్లకి చాలా ప్రమాదం. కోశాక చీకటి గదిలో 18 నుంచి 20 డిగ్రీల్లో, తేమ 55 నుంచి 60 శాతం దగ్గర ఓ పది రోజులు మెల్లగా ఆరాలి, మాగాయ ముక్కల్లా ఎండలో వేయకూడదు. కత్తిరించేటప్పుడు గ్లవుజులు వేసుకోండి, కొంతమందికి ఆ జిగురుకి దద్దుర్లు వస్తాయి. ఇంట్లో బ్యూటేన్ తో నూనె తీయడం అని వీడియోలు చూసి మొదలుపెట్టకండి, చట్టప్రకారం నేరం, పైగా కిచెన్లు పేలిపోయాయి.

ఆరినదంతా తాళం వేసిన డబ్బాలో పైఅరలో ఉండాలి, దాని మీద పెద్ద అక్షరాలతో తెలుగులో కూడా రాయండి, ఎందుకంటే ఇంట్లో గాజు సీసాలో ఎండిన ఆకు కనపడితే మన పెద్దవాళ్లు కసూరి మేథీ అనుకుంటారు. పిల్లలు పొరపాటున తిని మగతగా అయిపోయి లేపినా లేవకపోతే, ఊపిరి మెల్లగా తీస్తుంటే 911 కి చేయండి, మామూలుగా ఉన్నా అనుమానం ఉంటే పాయిజన్ సెంటర్ 1-844-764-7669. కుక్కలకి ఇది ఇంకా ఎక్కువ ఎక్కుతుంది, తూలుతూ ఉచ్చ కార్చుకుంటూ చిన్న శబ్దానికి ఉలిక్కిపడుతుంటే వెట్ దగ్గరికెళ్లి సిగ్గుపడకుండా నిజం చెప్పండి, వాళ్లు పోలీసుల్ని పిలవరు, అబద్ధం చెప్తేనే ట్రీట్మెంట్ తప్పుతుంది. ఇక డ్రైవింగ్ సంగతి, కొత్తగా లైసెన్స్ తీసుకుని జీ2 (పూర్తి లైసెన్స్ రాకముందు దశ) మీద ఉన్నవాళ్లు ఇది ఒంట్లో ఉండగా బండి నడిపితే ఒంటారియోలో జీరో టాలరెన్స్, వయసు ఎంతైనా సరే.

అమెరికాలో ఉన్న బంధువుల సంగతి వేరు. వాళ్లకి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కాలిఫోర్నియాలో 6 మొక్కలు పెంచొచ్చు, మనవాళ్లు నిండి ఉన్న న్యూజెర్సీలో షాపులో కొనచ్చు గానీ ఇంట్లో ఒక్కటి పెంచినా నేరం, టెక్సస్ లో అసలు ఊసే వద్దు. అన్నిటికంటే పైన ఫెడరల్ చట్టంలో ఇంకా నేరమే, ఇమిగ్రేషన్ చూసేది ఫెడరల్ వాళ్లే, కాబట్టి ఎఫ్1, హెచ్1బీ, గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లు పెంచామని నోటితో ఒప్పుకున్నా చాలు, కేసు లేకపోయినా తలుపు మూసుకుపోవచ్చు. మనం ఇక్కడి నుంచి నయాగరా దాటి బావగారింటికి వెళ్లేటప్పుడు కూడా ఒక్క గ్రాము కారులో ఉండకూడదు, అటు లీగల్ ఇటు లీగల్ అనే లెక్క బోర్డర్ మీద పనిచేయదు. ఫోన్ కూడా చూసే అధికారం వాళ్లకుంది, గ్యాలరీలో మొక్క ఫొటోలు ఉంటే మీ ఇష్టం.

ఈసారి నేనేం చేశానంటే గోంగూరని కిచెన్ తలుపు పక్కకి మార్చేశాను, ఆ కుండీలకి ఎర్ర రిబ్బన్ కట్టాను, గంజాయి మొక్కలు రెండే, అవి షెడ్ వెనక, గేటుకి తాళం. అమ్మకి ఫోన్ లో చెప్తే "రిబ్బన్ ఉన్నదే కోస్తాలే, నాకు తెలుసు" అంది, కానీ గొంతులో పచ్చడి పోయిందన్న బాధ ఇంకా ఉంది. డిసెంబర్ లో ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేస్ సర్దే ముందు కోతప్పుడు వేసుకున్న జాకెట్ జేబులన్నీ తిరగేసి దులపండి, ఆ కత్తెర, ఆకు నలిపే ఆ గ్రైండర్ పెట్టెలో పెట్టకండి, గంజాయి గమ్మీలు చాక్లెట్ల డబ్బాలో కలిసిపోయాయేమో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. శంషాబాద్ లో కస్టమ్స్ వాళ్లు బ్యాంకాక్ నుంచి వచ్చే హైడ్రోపోనిక్ గంజాయి పట్టుకుని పట్టుకుని ఇప్పుడు బాగా చేయి తిరిగి ఉన్నారు.