కార్డు స్టేట్‌మెంట్‌ని బ్యాంకు కళ్లతో చదవడం ఎలా

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడి వాళ్లకి ఖర్చులు రెండు రాష్ట్రాల్లోనూ ఉంటాయి. పెట్రోల్ ఇటు, సరుకులు పాతపట్నంలో, ఆసుపత్రికైతే శ్రీకాకుళం. ఇలా అటూ ఇటూ క్రెడిట్ కార్డు గీస్తే దాని లిమిట్ తగ్గిస్తారా అని చాలామంది అడుగుతుంటారు. అంతమాత్రానికే మామూలుగా తగ్గించరు. కొత్త చోట గీస్తే మోసమేమో అని మహా అయితే ఒక మెసేజ్ పంపుతారు, అది వేరే లెక్క. మీరు బాకీ తీరుస్తారా లేదా అన్నది ఇంకో లెక్క, భయపడాల్సింది దానికే.

నిరుడు అక్క కూతురి పెళ్లికి క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో మూడుసార్లు పదేసి వేలు తీశాను, ఆ రెండు నెలలూ కనీస మొత్తమే కట్టాను, ఆ తర్వాత లిమిట్ 90 వేల నుంచి 40 వేలకి తగ్గించామని మెసేజ్ వచ్చింది, కారణం మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆ రాత్రే ఆరు నెలల స్టేట్‌మెంట్లు ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. మీరూ అదే చేయండి.

మామూలుగా బ్యాంకుకి కనిపించేది దుకాణం పేరు, మొత్తం, సమయం, ఆ వ్యాపారానికి ఇచ్చిన నాలుగంకెల కోడ్. 5411 అంటే కిరాణా, 6011 అంటే ఏటీఎం నగదు, 7995 అంటే పందేలు, జూదం. బియ్యం కొన్నారా బిస్కెట్లు కొన్నారా అన్నది తెలియదు. కెనడాలో కెనడియన్ టైర్ అనే కంపెనీకి దుకాణమూ కార్డూ రెండూ ఉన్నాయి కాబట్టి, 2002లో వాళ్ల అధికారి ఒకరు వస్తువుల దాకా వెళ్లి వడపోశారు: కుర్చీ కాళ్ల కింద అంటించే మెత్తటి ముక్కలు కొన్నవాళ్లు బాకీ దాదాపు ఎగ్గొట్టలేదట. అమెరికాలో ఇంకా ఘోరం. పాత టైర్లకి రీట్రెడింగ్ చేయించినా, దాంపత్య కౌన్సెలింగ్‌కి వెళ్లినా, చెప్పకుండా లిమిట్ కోసేసిందని కంప్యూక్రెడిట్ అనే కార్డు కంపెనీ మీద 2008లో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది.

ముందు స్టేట్‌మెంట్‌లో నగదు తీసిన వరసలన్నిటి చుట్టూ పెన్నుతో గీత గీయండి. దాని మీద తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది, పైగా చేతిలో డబ్బు లేదన్న సంకేతం కూడా. తర్వాత పందేల యాప్‌లు. ఆ తర్వాత ఖర్చు తీరులో మార్పు కోసం వెతకండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కిరాణా షావుకారు కూడా అంతే కదా, నెలకోసారి బస్తా పట్టుకెళ్లే మనిషి రోజూ పావుకిలో అరువు అడగడం మొదలెడితే ఖాతా రాసే చెయ్యి ఆగుతుంది.

చివరగా లిమిట్‌లో ఎంత వాడారో చూడండి. 50 వేల లిమిట్‌కి 45 వేలు వాడితే, గడువు దాకా ఆగకుండా జీతం పడగానే 30 వేలు కట్టేయండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు మన అప్పుల చరిత్ర దాచే సిబిల్ లాంటి సంస్థలకి నెలకి కనీసం రెండుసార్లు లెక్కలు పంపాలి, పంపే లెక్క ఏ రోజుదైతే ఆ రోజున బాకీ ఎంత ఉంటే అదే వెళుతుంది. ఆ సంస్థలు తయారుచేసే రిపోర్టులో దుకాణాల పేర్లుండవు. ఏడాదికోసారి ఉచితం, తెప్పించుకోండి. అందులో తప్పుంటే ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి 100 రూపాయలు మీకివ్వాలి.

లిమిట్ తగ్గిస్తే ఫోన్‌లో వాదించకండి. ఏ తేదీన, ఏ సమాచారం చూసి తగ్గించారో చెప్పమని మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఆ మెయిల్ కాపీ జతచేసి.