ఎండలు ముదరకముందే న్యూట్ ట్యాంక్: చంద్రపూర్, గడ్చిరోలి వైపు వాళ్లకు జాగ్రత్తలు

తక్కువ ఖర్చులో న్యూట్ ట్యాంక్ కట్టాలనుకునేవాళ్లు ముందు అద్దం రేటు అడుగుతారు. మన బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు ఉంటే ముందు అడగాల్సింది వేరు: మే నెలలో ఆ నీళ్లను చల్లగా ఉంచగలమా? అద్దం, ఇసుక, మొక్కలు అన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు. డబ్బంతా చలువకే పోతుంది.

న్యూట్ తోక ఉన్న ఉభయచర జీవి. చూడ్డానికి బల్లిలా ఉన్నా చర్మం కప్పదే, ఎప్పుడూ తడిగా ఉండాలి. పెంచేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది చైనీస్ ఫైర్ బెల్లీ న్యూట్. వీపు నల్లగా, పొట్ట నారింజ ఎరుపులో మచ్చలతో, 7 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. దీనికి 16 నుంచి 21 డిగ్రీల నీళ్లు కావాలి. 24 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 27, 28 దగ్గర రోజుల తరబడి ఉంటే బతకడం కష్టం. మన దగ్గర మేలో బయట 46, 47 డిగ్రీలు మామూలే. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే జీవి కాబట్టి, తెచ్చామంటే కనీసం పది రోహిణి కార్తెలు దాటించాలన్నమాట.

అందుకే నా సలహా కొంచెం నిరుత్సాహంగానే ఉంటుంది. ట్యాంక్ ఫిబ్రవరిలో కట్టండి, మొక్కలు పెట్టండి, ఫిల్టర్ నడపండి, న్యూట్‌ను మాత్రం తేకండి. మొదటి ఎండాకాలం, దాని వెనకే వచ్చే వానాకాలం ట్యాంక్‌లో నీళ్లూ మొక్కలే ఉండాలి. లోపల ఒక థర్మామీటర్ పెట్టి రోజూ మధ్యాహ్నం మూడింటికి, మళ్లీ రాత్రి తొమ్మిదింటికి చూసి రాసుకోండి. రాత్రి లెక్క ఎందుకంటే, పగలంతా కాగిన స్లాబ్ చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది, నీళ్లు గాలికంటే నిదానంగా వేడెక్కుతాయి. మూడింటికి 25 చూపించిన నీళ్లు రాత్రి భోజనాల వేళకు 27 దాటొచ్చు. రెండు కాలాలూ 24 లోపు ఉంచగలిగితే నవంబర్‌లో న్యూట్ గురించి ఆలోచించండి. లేకపోతే అదే ట్యాంక్‌లో గప్పీ చేపలు హాయిగా బతుకుతాయి, పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు.

ఇక కట్టే పని. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు (60×30×30 సెంటీమీటర్లు) రెండు మూడు న్యూట్‌లకు చాలు. గ్లాస్ షాపులో 5 మిల్లీమీటర్ల అద్దం కోయించి అంచులు రుద్దించుకోండి. సిలికాన్ కొనేటప్పుడు జాగ్రత్త. బాత్‌రూమ్, సింక్ కోసం అమ్మే బూజు పట్టని రకంలో ఫంగస్‌ను చంపే మందు కలిపి ఉంటుంది. అది నీళ్లలోకి దిగితే న్యూట్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. ట్యూబ్ మీద అక్వేరియం అని రాసి ఉన్నదే తీసుకోండి. అతికించాక వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే దాదాపు వారం, ఆగి నీళ్లు నింపండి. అడుగున థర్మాకోల్ షీట్ వేయడం అందరికీ తెలిసిందే. వెనక, పక్కల మూడు వైపులా కూడా దాన్నే అతికిస్తే చలువ నిలబడుతుంది.

నీళ్లు 18 సెంటీమీటర్ల లోతు పోస్తే సుమారు 32 లీటర్లు. ఒక మూలన రాళ్లు మెట్లుమెట్లుగా పేర్చి నీటి మట్టం పైకి గట్టులా తేవాలి. ట్యాంక్‌లో నాలుగో వంతు గట్టు ఉంటే సరిపోతుంది. రాళ్ల కింద న్యూట్ ఇరుక్కోకుండా సిలికాన్‌తో అతికించండి. రాజురా, కోర్పనా చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు, అక్కడి రాయిలో సున్నం ఎక్కువ. ఏ రాయి తెచ్చినా రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుస్సుమని నురగ వస్తే పక్కన పెట్టేయండి, అది నీళ్లలో సున్నం ఇంకా పెంచుతుంది. కడప రాయి, షాబాద్ బండ ముక్కలూ సున్నపు జాతివే. గ్రానైట్ షాపు బయట పడేసే ముక్కలు అన్నిటికన్నా మేలు, పదునైన అంచులు మాత్రం అరగదీయాలి. అడుగున సన్న ఇసుక వేయండి, లేదా న్యూట్ తలకంటే పెద్ద గులకరాళ్లు. మధ్య సైజు రాళ్లు వద్దు, ఆహారంతో పాటు మింగితే పేగులో అడ్డుపడతాయి.

మొక్కల్లో జావా మాస్, జావా ఫెర్న్, అనుబియాస్ తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి. హైడ్రిల్లా అయితే చెరువులో ఊరికే దొరుకుతుంది, కానీ దొరికింది కదా అని నేరుగా ట్యాంక్‌లో వేయొద్దు. మనది పత్తి ప్రాంతం. చేనుకు కొట్టిన మందు వాన నీళ్లతో కుంటలోకి దిగుతుంది. పైగా ఆ మొక్కలతో జలగలు, తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల అంటే చిన్నదనుకోకండి, న్యూట్ పిల్లలను పట్టి తింటుంది. బయటి మొక్కను బకెట్లో మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, నీళ్లు మారుస్తూ గమనించాకే లోపల పెట్టండి. గట్టు మీద మనీ ప్లాంట్ పెట్టి వేళ్లు నీళ్లలోకి వదిలితే నీళ్లలో పేరుకునే నైట్రేట్ అనే వ్యర్థాన్ని పీల్చుకుంటుంది, న్యూట్‌కు దాక్కునే చోటూ దొరుకుతుంది. ఎరువు వేసిన కుండీ మట్టి మాత్రం ట్యాంక్ దరిదాపులకు రానివ్వొద్దు.

ఫిల్టర్ అంటే స్పాంజ్ ఫిల్టర్, చిన్న ఎయిర్ పంప్ చాలు. న్యూట్‌కు ప్రవాహం పడదు. ట్యాంక్ పెట్టగానే నీళ్లు సిద్ధమైపోవు. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా స్పాంజ్‌లో స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. వేడికీ దీనికీ లంకె ఉంది: నీళ్లు వేడెక్కే కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా ఇమిడే ఆక్సిజన్ 30 దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. కరెంటు పోయి పంప్ ఆగితే స్పాంజ్‌లోని బ్యాక్టీరియా కూడా ఊపిరాడక చస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఏప్రిల్‌కు ముందే కొని పెట్టుకోండి.

చలువ సంగతికి వద్దాం. మార్చి, ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి పైభాగాన చిన్న ఫ్యాన్ పెడితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. మూత అద్దంది కాకుండా జాలీది పెట్టేది ఇందుకే. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లు పోయండి. బోరు నీళ్లే పోస్తూ పోతే లవణాలు పేరుకుపోతాయి. నీళ్లు మార్చేటప్పుడు మాత్రం వట్టి ఆర్వో నీళ్లు పనికిరావు. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి మందు కలపాలి. మార్చడానికి పెట్టుకున్న నీళ్లను రంజన్‌లో పోసి ఉంచితే చల్లగా సిద్ధంగా ఉంటాయి.

గదిలో కూలర్ వేస్తే చాలదా అని అడుగుతారు. ఏప్రిల్ దాకా కొంత సాయం చేస్తుంది, మేలో గదినే 30 కిందికి దించలేదు. కిటికీ మూసి కూలర్ వేస్తే గదిలో తేమ పెరిగి ట్యాంక్ మీది ఫ్యాన్ పనిచేయడం మానేస్తుంది. ఐస్ బాటిల్ లెక్క చూడండి. 32 లీటర్లలో ఒక లీటరు ఐస్ బాటిల్ వేస్తే అది కరిగి నీళ్లతో సమానమయ్యేలోపు మూడు డిగ్రీల వరకు తగ్గిస్తుంది. అయితే బయట 40 దాటినప్పుడు కొన్ని గంటల్లో ఆ వేడి తిరిగొస్తుంది. అంటే రాత్రీ పగలూ ఎవరో ఒకరు బాటిళ్లు మారుస్తూ కూర్చోవాలి. ఒకేసారి రెండు మూడు బాటిళ్లు వేస్తే ఉష్ణోగ్రత ధబేలున పడి అది కూడా ప్రమాదమే. అరలీటరువి ఒక్కొక్కటిగా వేయండి. నన్నడిగితే మేలో ఏసీ ఉన్న గది తప్ప వేరే దారి నమ్మదగినది కాదు. టన్ను ఏసీ రోజుకు పది గంటలు నడిస్తే నెలకు సుమారు 300 యూనిట్లు, ఏసీ ఆపిన గంటల్లో థర్మాకోల్, ఐస్ బాటిళ్లు ఆదుకోవాలి. చవక ట్యాంక్ అసలు ఖరీదు ఈ బిల్లే.

జూన్‌లో వానలు పడ్డాయి కదా అని ఊపిరి పీల్చుకోకండి. జూలై, ఆగస్టుల్లో ఎండ తగ్గినా గాలిలో తేమ నిండి ఉంటుంది, ఆవిరి పుట్టదు, ఫ్యాన్ తిరిగినా నీళ్లు 27, 28 దగ్గరే ఆగిపోతాయి. మేలో దాటేసిన న్యూట్‌లు జూలైలో పోవడానికి కారణం ఇదే.

వానాకాలంతోనే దోమలు. ఎయిర్ పంప్ గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి బుడగలుగా వదులుతుంది. ప్లగ్‌లో పెట్టే దోమల మందు, కాయిల్, స్ప్రే వీటిలో ఉండేవి పైరెత్రాయిడ్ మందులు. చేపలకు, ఉభయచరాలకు ఇవి ప్రాణాంతకం. ట్యాంక్ ఉన్న గదిలో దోమతెర ఒక్కటే వాడండి. మున్సిపాలిటీ ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి, పంప్ ఆపి, పొగ పోయాక మళ్లీ వేయండి. చీమలు పట్టకుండా స్టాండ్ కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టండి, చీమల మందు చల్లొద్దు. చేపల జబ్బులకు ఇచ్చే రాగి మందులూ న్యూట్‌కు విషమే.

మూత గట్టిగా బిగించాలి. తడి అద్దం మీద న్యూట్ అవలీలగా పైకి పాకుతుంది, వైరు కోసం వదిలిన సందు కూడా దానికి దారే. బయటపడితే మన గచ్చు మీద కొద్ది గంటల్లో ఎండిపోతుంది.

ఆహారం వారానికి రెండు మూడు సార్లు వానపాము ముక్కలు లేదా ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ (గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు) చాలు. మురుగు కాలువల్లో పట్టే ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు. తినడం మానేసి, నీళ్ల పైన తేలుతూ, ఊరికే గట్టెక్కుతుంటే ముందు థర్మామీటర్ చూడండి, తర్వాత అమ్మోనియా. కొత్తగా తెచ్చింది మాత్రం కొన్ని రోజులు గట్టు మీదే ఉండొచ్చు, బలవంతంగా నీళ్లలోకి తోయకండి. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దాని చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. పిల్లలు ముట్టి నోట్లో వేలు పెట్టుకోకుండా చూడండి.

కొనేటప్పుడు బిల్లు అడగండి. డార్జిలింగ్ కొండల్లో ఉండే హిమాలయన్ న్యూట్‌కు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పట్టుకోవడం, అమ్మడం నేరం. సైట్స్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జీవులను పెంచితే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. న్యూట్‌కు చుట్టమైన ఆక్సొలాటిల్ కూడా ఈ జాబితాలోదే. ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లను వార్ధా నదిలోనో పొలం కాలువలోనో పోయకండి. 2013లో గుర్తించిన బీసాల్ అనే ఫంగస్ పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా యూరప్ చేరిందని భావిస్తున్నారు, నెదర్లాండ్స్‌లో న్యూట్‌కు చుట్టాలైన ఫైర్ సాలమాండర్లను అది దాదాపు తుడిచిపెట్టింది. నీళ్లలో బ్లీచింగ్ కలిపి డ్రైనేజీలో పోయండి. పెంచలేకపోతే చెరువులో వదలడం అసలే వద్దు, పెంచగల మరొకరికి ఇవ్వండి.

పెళ్లిళ్లన్నీ మేలోనే పడతాయి, ఊరెళ్లక తప్పదు. పెద్ద న్యూట్ వారం తిండి లేకుండా ఉండగలదు, చలువ లేకుండా ఒక్క పూట ఉండలేదు. తాళం ఎవరికిస్తే వాళ్లకు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ట్యాంక్‌కు అంటించండి: తిండి వేయొద్దు, ఏసీ ఆపొద్దు, 24 దాటితే అరలీటరు ఐస్ బాటిల్ ఒకటి వేసి నాకు ఫోన్ చేయండి. కరెంటు రాకపోతే ఏం చేయాలో కాగితం వెనకవైపు రాయండి, బ్యాటరీ పంప్ ఎక్కడుందో బాణం గుర్తుతో సహా.