అప్‌డేట్‌తో గేమ్ కన్సోల్‌లోని సౌకర్యం పోతే ఏం చేయాలి?

సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 3 తొలి మోడళ్లలో, కంప్యూటర్లలో వాడే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడుపుకోవడానికి ‘అదర్ ఓఎస్’ అనే సౌకర్యం ఉండేది. 2010 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే హ్యాకర్ ఆ కన్సోల్ రక్షణను ఛేదించినట్లు ప్రకటించాక, సోనీ భద్రతను కారణంగా చూపి, ఏప్రిల్ 1న విడుదల చేసిన 3.21 అప్‌డేట్‌తో ఆ సౌకర్యాన్ని తీసేసింది. అప్‌డేట్ వేసుకుంటే లినక్స్ పోతుంది, వేసుకోకపోతే ఆన్‌లైన్ ఆటలు పోతాయి. రెండింటికీ కలిపి డబ్బు తీసుకున్నాక ఏదో ఒకటి వదులుకోమనడాన్ని ఎంపిక అనలేం.

ఇలాంటి పరిస్థితి ఎదురైతే, ముందుగా ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపి, కొత్త వెర్షన్‌లో ఏమేం తీసేస్తున్నారో కంపెనీ ప్రకటనలో చదవండి. పోబోయే సౌకర్యంలో మీ ఫైళ్లు ఉంటే అప్‌డేట్‌కు ముందే బ్యాకప్ తీసుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత వాటిని తెరవడం కుదరకపోవచ్చు.

ఆ వెంటనే ఆధారాలు కూడగట్టండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. కొన్న బిల్లు, సీరియల్ నంబరు, ఆ సౌకర్యం ఉందని చెప్పిన పెట్టె, ప్రకటన, మాన్యువల్ పేజీల ఫొటోలు, మీరు దాన్ని వాడుతున్నట్లు చూపే స్క్రీన్‌షాట్లు, అప్‌డేట్ నోటీసు తేదీతో సహా దాచాలి. అదర్ ఓఎస్‌ను తీసేసినందుకు అమెరికాలో సోనీపై 2010లో మొదలైన క్లాస్ యాక్షన్ దావాలో (చాలామంది కొనుగోలుదారుల తరఫున కలిపి వేసే దావా) 2016 నాటి మొదటి రాజీ ప్రతిపాదన, కొన్నట్లూ వాడినట్లూ రుజువు చూపినవారికి 55 డాలర్లు, మిగిలినవారికి 9 డాలర్లు ఇస్తామంది. న్యాయమూర్తి దాన్ని ఆమోదించలేదు. చివరకు 2018లో 37.5 లక్షల డాలర్ల నిధితో వ్యవహారం తేలింది.

తర్వాత తయారీదారుకే కాకుండా, మీకు అమ్మిన దుకాణానికి కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ధరలో కొంత వాపసు కోరండి. బ్రిటన్‌లో ఒక ప్లేస్టేషన్ 3 కొనుగోలుదారుకు అదర్ ఓఎస్ పోయినందుకు ధరలో కొంత భాగాన్ని అమెజాన్ తిరిగి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవారు మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. పని జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు; వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. పోయిన సౌకర్యం కోసం కన్సోల్‌ను జైల్‌బ్రేక్ చేస్తే (కంపెనీ పెట్టిన రక్షణను ఛేదిస్తే) మాత్రం వారంటీ, ఖాతా రెండూ ప్రమాదంలో పడతాయి.

సౌకర్యం కాక మీ సమాచారమే పోయిందనుకుంటే, కంపెనీ చెప్పేదాకా ఆగకండి. 2011లో సుమారు 7.7 కోట్ల ఖాతాలున్న తన ఆన్‌లైన్ సేవ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌ను సోనీ ఏప్రిల్ 20న ఆపేసింది గానీ, వ్యక్తిగత వివరాలు చోరీ అయ్యాయని ఏప్రిల్ 26న గానీ చెప్పలేదు. అందువల్ల సేవ అకారణంగా ఆగిన రోజే, అదే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఈమెయిల్, ఇతర ఖాతాలన్నిటిలో దాన్ని మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, కార్డు లావాదేవీలను గమనించండి. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.