ఫ్రిస్కో ఐఎస్‌డీలో పిల్లల్ని చేర్పించాలంటే: అడ్రస్ ప్రూఫ్ దగ్గరే ఆగిపోతున్నారు

ఫ్రిస్కో లాంటి డాలస్ ఉత్తర శివార్లలో అద్దె ఇల్లు వెతికే తెలుగు కుటుంబాలు ముందు అడిగేది స్కూలు గురించే. తీరా ఇల్లు చూసుకుని, డిపాజిట్ కట్టి, సామాను దించుకున్నాక, బడి తెరిచే వారంలో రిజిస్ట్రార్ (బడిలో అడ్మిషన్లు చూసే ఉద్యోగి) "మీ ఇల్లు మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో లేదు" అంటే చేసేదేమీ ఉండదు. కాబట్టి దరఖాస్తు కన్నా ముందు హద్దుల సంగతి తేల్చుకోవాలి.

టెక్సస్‌లో ఐఎస్‌డీ, అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, సిటీ కింద పనిచేసే శాఖ కాదు. తన పన్ను తనే వేసుకుని, తన ఎన్నికలు తనే జరుపుకునే వేరే సంస్థ. మేయరుకు దాని మీద పెత్తనం లేదు. ఫ్రిస్కో ఐఎస్‌డీకి ఏడుగురు ట్రస్టీల బోర్డు ఉంది. పదవీకాలం మూడేళ్లు, జీతం ఉండదు. బోర్డు నియమించిన సూపరింటెండెంట్ రోజువారీ పాలన చూస్తారు. డబ్బులో పెద్ద భాగం ఇళ్ల మీద వేసే ఆస్తిపన్ను నుంచే వస్తుంది. రాష్ట్రం ఇచ్చే వాటా పిల్లల హాజరును బట్టి ఉంటుంది. ఈ పిల్లాడు నిజంగా మా హద్దుల్లో ఉంటున్నాడా అని వాళ్లు అంత పట్టుబట్టడం ఇందుకే.

పోస్టల్ అడ్రస్‌లో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన ఫ్రిస్కో ఐఎస్‌డీ అనుకోకండి. సిటీలోని కొన్ని కాలనీలు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ ఐఎస్‌డీల కిందికి వస్తాయి. మరోవైపు ప్లేనో, మెకిన్నీ అడ్రస్ ఉన్న ఇళ్లు కొన్ని ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉన్నాయి. ఇంటి ప్రకటనలో రాసిన స్కూలు పేరును నమ్ముకోవద్దు. కాలిన్ కౌంటీ ఇల్లయితే ఆ కౌంటీ, డెంటన్ కౌంటీ ఇల్లయితే ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే సంస్థ) వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టండి. ఆ ఆస్తి మీద ఎవరెవరు పన్ను వేస్తున్నారో వరుసగా కనిపిస్తుంది. అందులో ఏ ఐఎస్‌డీ పేరుంటే ఆ ఇల్లు దానిది. ఆ తర్వాత ఐఎస్‌డీ సైట్‌లో అదే అడ్రస్‌కు ఏ ఎలిమెంటరీ, ఏ మిడిల్, ఏ హైస్కూల్ వస్తుందో చూసుకోవాలి. ఈ జోన్లు శాశ్వతం కావు. బోర్డు ఓటేసి మార్చగలదు. 2024-25 విద్యా సంవత్సరం ముగిశాక స్టేలీ మిడిల్ స్కూల్‌నే మూసేశారు. పక్కింటి వాళ్లబ్బాయి ఏ బడికి వెళ్లాడన్నది ఈ ఏడాదికి లెక్కలోకి రాకపోవచ్చు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫీజు లేదు, డొనేషన్ లేదు, సీట్ల కోసం పోటీ లేదు. సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. పిల్లల బర్త్ సర్టిఫికెట్ లేదా పాస్‌పోర్ట్, తల్లిదండ్రుల్లో ఒకరి ఫొటో ఐడీ, పాత బడి రికార్డులు, టీకాల రికార్డు, అడ్రస్ ప్రూఫ్ అప్‌లోడ్ చేయాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఫర్వాలేదు, దాని బదులు వేరే నంబరు కేటాయిస్తారు. వీసా గురించి కంగారు పడేవాళ్లు చాలామంది. టెక్సస్‌లోనే మొదలైన ప్లైలర్ వర్సెస్ డో కేసులో 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: ఇమిగ్రేషన్ స్టేటస్ కారణంగా పిల్లల్ని ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. హెచ్4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) గడువు, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) తేదీ బడికి అక్కర్లేదు. పాస్‌పోర్ట్ ఇచ్చినా ఫొటో, పుట్టిన తేదీ ఉన్న పేజీ చాలు.

ఇక అసలు చిక్కు అడ్రస్ ప్రూఫ్.

సొంత ఇల్లు ఉన్నవాళ్లకు, లీజు తమ పేరు మీదే ఉన్నవాళ్లకు పని తేలిక. కరెంటు, నీళ్ల లేదా గ్యాస్ బిల్లు, లేకపోతే లీజు ఇస్తే సరిపోతుంది. సెల్‌ఫోన్ బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, డ్రైవింగ్ లైసెన్స్ సాధారణంగా ఒప్పుకోరు. లీజులో మొదటి పేజీ ఒక్కటే స్కాన్ చేసి పంపేవాళ్లవి వెనక్కి వస్తాయి. అద్దెకున్నవాళ్ల పేర్లు, ఇంట్లో ఉండే పిల్లల పేర్లు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, రెండు వైపుల సంతకాలు అన్నీ కనిపించాలి. కాబట్టి అన్ని పేజీలూ పెట్టండి. లీజు రాయించుకునేటప్పుడే పిల్లల పేర్లు ఆక్యుపెంట్ల (ఇంట్లో ఉండేవాళ్ల) జాబితాలో ఎక్కించమని లీజింగ్ ఆఫీసుకు చెప్పండి. అద్దెలోనే కరెంటు కలిసి ఉంటే మీ పేరు మీద బిల్లు పుట్టదు, అప్పుడు ఆ లీజే ఆధారం. కొత్తగా కనెక్షన్ తీసుకున్నవాళ్లు మొదటి బిల్లు వచ్చేదాకా ఆగకుండా, సర్వీసు మొదలైన తేదీ, అడ్రస్ ఉన్న లెటర్‌ను కరెంటు కంపెనీ నుంచి తీసుకోవచ్చు. రిజిస్ట్రార్ దాన్ని తీసుకుంటారా అని మాత్రం ముందే ఫోన్ చేసి అడగండి.

ఎక్కువమంది తిరిగి వెళ్లేది ఇంకో చోట: ఇండియా నుంచి వచ్చి బావగారింట్లోనో స్నేహితుడి ఇంట్లోనో దిగినవాళ్లు, మరొకరి లీజులో ఒక గది తీసుకున్నవాళ్లు. వాళ్ల పేరు మీద ఏ కాగితమూ ఉండదు. దీనికీ సక్రమమైన దారి ఉంది. దాని పేరు రెసిడెన్సీ అఫిడవిట్. ఫారం డిస్ట్రిక్టే ఇస్తుంది. ఇల్లు ఎవరిదో వాళ్లు తమ అడ్రస్ ప్రూఫ్ జతచేసి, 'ఈ కుటుంబం మా ఇంట్లోనే ఉంటోంది' అని సంతకం చేయాలి. మీరూ చేయాలి. ఇద్దరూ నోటరీ ఎదుటే సంతకం పెట్టాలి. ముందే ఇంట్లో సంతకాలు చేసి తీసుకెళితే నోటరీ చేయరు. ఈ పనికి టెక్సస్ చట్టం పెట్టిన గరిష్ఠ రుసుము మొదటి సంతకానికి 10 డాలర్లు. చాలా బ్యాంకులు తమ ఖాతాదారులకు ఉచితంగానే చేస్తాయి. "డాక్యుమెంటేషన్ మొత్తం మేమే చూసుకుంటాం" అని అంతకు ఎన్నో రెట్లు అడిగేవాళ్లు చేసేదల్లా ఈ ఉచిత ఫారం నింపి, నోటరీ దగ్గరికి పంపడమే.

మంచి స్కూల్ జోన్‌లో అడ్రస్ ఇప్పిస్తాం, లీజులో పేరు కలిపిస్తాం అనేవాళ్లు మరో రకం. అక్కడ ఉండకుండా ఆ కాగితం వాడితే చిక్కుల్లో పడేది కాగితం అమ్మినవాళ్లు కాదు, ఫారం మీద సంతకం చేసిన తల్లిదండ్రులు. తప్పుడు పత్రం సమర్పించడం టెక్సస్ శిక్షాస్మృతి 37.10 సెక్షన్ కింద నేరం. విద్యా చట్టం ప్రకారం పిల్లవాడు చదివిన కాలానికి డిస్ట్రిక్ట్ చదువు ఖర్చు (ట్యూషన్ ఫీజు) కూడా వసూలు చేయవచ్చు. ఇది దరఖాస్తు ఫారంలోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

పిల్లవాడు తల్లిదండ్రులు లేకుండా పిన్ని దగ్గరో మేనమామ దగ్గరో ఉంటే ఈ అఫిడవిట్ సరిపోదు. పవర్ ఆఫ్ అటార్నీ లేదా గార్డియన్‌షిప్ కాగితం అడుగుతారు. ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక ఇంకొకరింట్లో తలదాచుకుంటున్న కుటుంబమైతే, ఆ సంగతి సిగ్గుపడకుండా రిజిస్ట్రార్‌కు చెప్పండి. మెకిన్నీ-వెంటో అనే ఫెడరల్ చట్టం కింద అలాంటి పిల్లల్ని కాగితాల్లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి.

అడ్రస్ తర్వాత చిక్కు వచ్చేది ఇండియా టీకాల కార్డుతో. మన ప్రభుత్వ టీకాల్లో ఉండేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా. గవదబిళ్లల టీకా అందులో లేదు. టెక్సస్ అడిగేది ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడూ కలిసిన టీకా) రెండు డోసులు, అదీ మొదటిది మొదటి పుట్టినరోజున గానీ ఆ తర్వాత గానీ వేసినదై ఉండాలి. తొమ్మిదో నెలలో వేయించింది లెక్కలోకి రాదు. ఆటలమ్మ, హెపటైటిస్-ఎ రెండేసి డోసులు కావాలి, అవీ మన ప్రభుత్వ కార్డులో ఉండవు. ఆటలమ్మ ఇదివరకే వచ్చి తగ్గిపోయి ఉంటే ఆ సంగతి రాసిస్తే టీకా అవసరం లేదు. డోసులన్నీ పూర్తికాకపోయినా ప్రతి టీకాలో కనీసం ఒకటి పడి, మిగతావి షెడ్యూల్ ప్రకారం వేయిస్తుంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు. రికార్డు కోసం 30 రోజులు గడువిస్తారని చెప్పుకునే మాట టెక్సస్‌లో ఒక బడి నుంచి మరో బడికి మారేవాళ్ల కోసం; నేరుగా ఇండియా నుంచి వచ్చినవాళ్లకు అది వర్తించదు.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త. కార్డులో 05/08/2019 అని ఉంటే మనకు ఆగస్టు 5. స్కూల్ నర్సు దాన్ని మే 8గా చదువుతుంది. 2018 జులైలో పుట్టిన పిల్లకు మొదటి పుట్టినరోజు దాటాక వేయించిన ఎంఎంఆర్ కాస్తా ముందే వేసినట్టయి కొట్టేస్తారు. ఇండియాలో ఉండగానే పిల్లల డాక్టరు చేత నెల పేరు అక్షరాల్లో రాయించి, ఇంగ్లిష్‌లో సంతకం, ముద్ర వేయించుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంట్లో మాట్లాడే భాష అడిగే సర్వేలో తెలుగు అని రాస్తే పిల్లను కింది తరగతిలో వేస్తారన్నది అపోహ. ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, అవసరమైతే అదనపు సాయం ప్రతిపాదిస్తారు. మీ అనుమతి లేకుండా ఆ ప్రోగ్రాంలో చేర్చరు. నాలుగేళ్ల పిల్లకు ఇంగ్లిష్ రాకపోవడం ఉచిత ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి)కి అర్హత కూడా.

హైస్కూల్ పిల్లలకు టీసీ కన్నా తొమ్మిది, పది తరగతుల మార్కుల మెమోలే ముఖ్యం. క్రెడిట్లు, అంటే పూర్తిచేసిన సబ్జెక్టుల లెక్క, వాటిని బట్టే ఇస్తారు.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం ఈమెయిల్‌లో అడగండి, నోటిమాటతో వెనుదిరగవద్దు. బోర్డు పాలసీల్లో ఎఫ్‌ఎన్‌జీ అనే కోడ్ కింద తల్లిదండ్రుల ఫిర్యాదు విధానం ఉంటుంది. బడి స్థాయిలో మొదలై, అక్కడ తేలకపోతే పై అధికారికి, చివరికి ట్రస్టీల బోర్డు ముందుకే వెళుతుంది.